స్పాన్సర్ల పేరుతో వచ్చిన అమెరికన్ ప్రత్యక్ష టీవీ నాటకాలు: వేయించింది ఎవరు, కత్తెర వేసింది ఎవరు?

మూడోగంట (ప్రశ్న):

నేను కొంతకాలంగా పరిషత్తుల కోసం నాటికలు రాస్తున్నాను. ఇటీవల రాడ్ సెర్లింగ్ రాసిన ‘ప్యాటర్న్స్’ అనే పాత అమెరికన్ టీవీ నాటకం రికార్డింగు చూశాను. అది 1955 జనవరి 12న ఎన్‌బీసీ అనే అమెరికన్ ప్రసార సంస్థలో ప్రత్యక్షంగా ప్రసారమైంది. అందులో ఒక పెద్ద కంపెనీ అధిపతి, ఏళ్ల తరబడి పనిచేసిన వృద్ధ అధికారిని ఉద్యోగంలోంచి తీసివేయకుండా, సమావేశాల్లో నలుగురి ఎదుటా అవమానిస్తూ, తనంతట తానే రాజీనామా చేసి వెళ్లేలా వేధిస్తాడు. ఆ వృద్ధుడి కుర్చీ కోసమే తనను రప్పించారని కొత్తగా చేరిన యువ అధికారికి ఆలస్యంగా అర్థమవుతుంది. ఆఫీసులో పదేళ్లు పనిచేసిన వారెవరికైనా ఈ కథ ఎక్కడో ఒకచోట తగులుతుంది.

అయితే నన్ను ఆలోచనలో పడేసింది కథ కన్నా దాని చుట్టూ ఉన్న ఏర్పాటు. నాటకం పేరు కన్నా ముందు ‘క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్’ అంటూ చీజ్ తయారుచేసే కంపెనీ పేరు తెరమీదికి వస్తుంది. అదే కాలానికి చెందిన మరికొన్ని నాటకాల వివరాలు చూస్తే, ఒకదాని ముందు రేడియోలు, టీవీలు అమ్మే ఫిల్కో పేరు, మరొకదాని ముందు టైర్లు అమ్మే గుడియర్ పేరు, ఇంకొకదాని ముందు ఉక్కు కంపెనీ పేరు ఉన్నాయి. మన పరిషత్తుల్లో కూడా దాతల పేర్లు కరపత్రం మీద వేస్తాము కానీ, నాటకానికే దాత పేరు పెట్టే అలవాటు మనకు లేదు.

ఇది ఎలా మొదలైంది? ఆ కంపెనీలు డబ్బు ఇచ్చి ఊరుకున్నాయా, నాటకాన్ని ఎంపిక చేసింది కూడా అవేనా? టేపు లేని రోజుల్లో గంటసేపు నాటకాన్ని స్టూడియోలో ఆగకుండా ఆడుతూ ప్రసారం చేశారంటే, దుస్తులు మార్చుకోవడానికీ, ఒక గదిలోంచి మరో గదికి వెళ్లడానికీ నటులకు సమయం ఎక్కడిది? అన్నిటికన్నా ముఖ్యమైన సందేహం చివరిది: ఒక పెద్ద కంపెనీ తన సొంత డబ్బుతో, పెద్ద కంపెనీల క్రూరత్వాన్ని నిలదీసే నాటకాన్ని ఎందుకు వేయించింది? తెలిసిన వారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాతరేడియో:

మీ మొదటి సందేహానికి జవాబు టీవీలో లేదు, రేడియోలో ఉంది. అమెరికాలో 1930ల నాటికే ప్రసార సంస్థల ప్రధానమైన వ్యాపారం కార్యక్రమాలు తయారుచేయడం కాదు, సమయాన్ని అద్దెకివ్వడం. ఒక సబ్బుల కంపెనీయో, కాఫీ కంపెనీయో వారంలో ఒక గంట కొనుక్కునేది. ఆ గంటను ఏ పాటతో, ఏ నాటకంతో నింపాలో ఆ కంపెనీ తరఫున ప్రకటనల ఏజెన్సీ నిర్ణయించేది. రచయితనూ, దర్శకుణ్ణీ, వాద్యబృందాన్నీ నియమించుకునేదీ ఆ ఏజెన్సీయే. జె. వాల్టర్ థాంప్సన్ అనే ఏజెన్సీ ‘లక్స్ రేడియో థియేటర్’ను సబ్బు కోసం, ‘క్రాఫ్ట్ మ్యూజిక్ హాల్’ను చీజ్ కోసం ఏళ్ల తరబడి నడిపింది. కాబట్టి టీవీ వచ్చినప్పుడు ఆ ఏజెన్సీ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఉన్న పద్ధతికి బొమ్మను జోడించింది.

‘క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్’ 1947 మే 7న ఎన్‌బీసీలో ‘డబుల్ డోర్’ అనే నాటకంతో మొదలైంది. గంటసేపు సాగే నాటకాలను వారం వారం ఇచ్చిన తొలి పెద్ద ధారావాహిక అదే. అప్పటికి ఆ ప్రసారం న్యూయార్క్, దాని చుట్టుపక్కల కొద్ది నగరాలను దాటలేదు. కంపెనీ ఉద్దేశం కళాపోషణ అని నేను అనుకోను. మరే పత్రికలోనూ, రేడియోలోనూ ప్రకటించని ఖరీదైన ఒక చీజ్‌ను ఈ నాటకాల మధ్య మాత్రమే చూపించి, టీవీ వల్ల సరుకు కదులుతుందో లేదో పరీక్షించారు. దుకాణాల్లో ఆ సరుకు ఖాళీ అయిపోవడంతో పరీక్ష నెగ్గింది. ఆ తరువాత పదకొండేళ్లకు పైగా, 1958 అక్టోబర్ దాకా, ఆ ధారావాహిక 650 దాకా నాటకాలు ఇచ్చింది. 1953 చివరి నుంచి ఏడాదికి పైగా ఎన్‌బీసీలో బుధవారం ఒకటి, మరో ప్రసార సంస్థ ఏబీసీలో గురువారం ఒకటి చొప్పున వారానికి రెండు కొత్త నాటకాలు వేశారంటే, ఆ ఏజెన్సీలో కథలు వెతికే వారి అవస్థ ఊహించుకోవచ్చు.

ఆ ప్రకటనల తీరు కూడా చెప్పుకోదగ్గది. మనిషి ముఖం కనిపించదు. రెండు చేతులు మాత్రం కనిపిస్తాయి. అవి చీజ్ తురుముతాయి, కలుపుతాయి, పళ్లెంలో సర్దుతాయి. ఎడ్ హెర్లిహీ గొంతు ఆ వంటకం ఎలా చేయాలో నిదానంగా చెబుతుంది. నాటకంలోని ముఖాలతో ప్రకటనలోని ముఖం పోటీ పడకుండా ఇది మంచి ఉపాయమే.

అన్నీ ఒకే పద్ధతిలో నడిచాయని మాత్రం అనుకోకండి. 1948 అక్టోబర్ 3న మొదలైన ‘ఫిల్కో టెలివిజన్ ప్లేహౌస్’కు నిర్మాత ఫ్రెడ్ కో, ఎన్‌బీసీ మనిషి. ఆ ఏడాది నవంబర్‌లో సీబీఎస్ అనే మరో ప్రసార సంస్థ సొంతంగా ప్రారంభించిన ‘స్టూడియో వన్’ అనే నాటకాల ధారావాహికకు మొదట్లో స్పాన్సరే లేదు, 1949లో ఫ్రిజ్‌ల వంటివి తయారుచేసే వెస్టింగ్‌హౌస్ కంపెనీ వచ్చి చేరింది. అంటే కొన్నిచోట్ల ఏజెన్సీయే యజమాని, కొన్నిచోట్ల ప్రసార సంస్థ వండి వడ్డిస్తే స్పాన్సర్ వచ్చి పీటమీద కూర్చునేవాడు. ఫిల్కోకు మరొక స్వార్థం కూడా ఉంది: మంచి నాటకం కోసం జనం టీవీ కొంటే, కొనేది ఆ కంపెనీ టీవీయే కావచ్చు కదా.

కథల విషయంలో ఒక చిక్కు వచ్చింది. పేరున్న రంగస్థల నాటకాల హక్కులు చాలావరకు హాలీవుడ్ స్టూడియోల చేతుల్లో ఉన్నాయి, టీవీని ప్రత్యర్థిగా చూసిన స్టూడియోలు వాటిని ఇవ్వలేదు. ఫ్రెడ్ కో మొదట బ్రాడ్‌వే నాటకాలతో నెట్టుకొచ్చాడు, తరువాత నవలల మీద పడ్డాడు, అవీ చాలక కొత్త రచయితల చేత టీవీ కోసమే రాయించడం మొదలుపెట్టాడు. ప్యాడీ చయెఫ్‌స్కీ, హోర్టన్ ఫుట్ వంటి వారికి తలుపు తెరుచుకున్నది ఆ కరవు వల్లనే.

వింగుపక్కన:

పాతరేడియో గారు వదిలిన సాంకేతిక భాగాన్ని నేను అందుకుంటాను. నేను చాలాకాలం నాటక సమాజాలలో తెరవెనుక పనులు చేసినవాణ్ణి. రెండో అంకంలో రావలసిన కిరోసిన్ దీపం మొదటి అంకంలోనే పగిలిపోతే, మిగిలిన నాటకమంతా కొవ్వొత్తితో నడిపించిన రాత్రి నాకు ఇంకా గుర్తుంది. కాబట్టి ఈ ప్రత్యక్ష నాటకాల కథలు చదువుతుంటే నాకు చెమటలు పడతాయి.

రంగస్థలం మీద ఒక సెట్టు తీసి మరొకటి పెట్టడానికి తెర దించుకుంటాము. వాళ్లకు దించడానికి తెర లేదు. అందువల్ల నాటకానికి కావలసిన సెట్టులన్నింటినీ ఒకే స్టూడియోలో గోడల వెంబడి ముందే వేసేవారు. రెండు మూడు కెమెరాలు, వాటి వెనక పాముల్లా ఈడ్చుకుపోయే లావుపాటి కేబుళ్లు, పైన మైకు వేలాడే పొడవాటి కర్ర, వీటన్నిటి మధ్య నుంచి నటుడు ఒక సెట్టులో తన చివరి మాట చెప్పి, చప్పుడు కాకుండా పరుగెత్తి రెండో సెట్టులో ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. ఆ పరుగుకు కావలసిన క్షణాల కోసమే అవతలి పాత్ర చేతికి ఒక ఉత్తరం ఇచ్చి చదివించడమో, కిటికీలోంచి చూస్తూ నిలబెట్టడమో చేసేవారు. దుస్తులు ఒకదాని మీద ఒకటి వేసుకుని, పై చొక్కా విప్పితే మరుసటి రోజు దృశ్యానికి సిద్ధమయ్యేవారు. నాటకం మధ్యలో వచ్చే ప్రకటన ప్రేక్షకుడికి విరామం కావచ్చు, స్టూడియోలో మాత్రం అది ఊపిరి పీల్చుకునే చోటు. కాబట్టి రచయిత తన అంకాన్ని ముగించేటప్పుడు చీజ్ వంటకం ఎంతసేపు పడుతుందో కూడా లెక్కలో పెట్టుకోవలసిందే.

ఆ ప్రకటనలు కూడా ప్రత్యక్షమే. ‘స్టూడియో వన్’లో వెస్టింగ్‌హౌస్ ఫ్రిజ్‌లను ఏళ్ల తరబడి చూపించిన బెట్టీ ఫర్నెస్ ఆ కాలంలో నాటకాల తారల కన్నా ఎక్కువ మందికి తెలిసిన ముఖం. 1954లో ఒకసారి ఫ్రిజ్ తలుపు ఎంత లాగినా తెరుచుకోలేదు; ఆ అవస్థ దేశమంతా చూసింది. ఆ సంఘటనను ఇప్పటికీ బెట్టీ ఫర్నెస్‌కే అంటగడుతున్నారు కానీ, ఆ రోజు ఆమె బదులు నిలబడింది జూన్ గ్రాహమ్ అనే మరో నటి.

ఈ ఇరుకు రచన మీద చూపిన ప్రభావం గురించి నాటిక రచయితగా మీకు ఆసక్తి ఉండవచ్చు. గుర్రాలు, యుద్ధాలు, సముద్రాలు కుదరవు. వంటగది, ఆఫీసు గది, మెట్ల దగ్గర మలుపు కుదురుతాయి. ఇళ్లలోని టీవీ తెర అప్పటికి చాలా చిన్నది, దూరపు దృశ్యంలో మనుషులు చీమల్లా కనిపిస్తారు, కనుక కెమెరా ముఖం దగ్గరికి వెళ్లక తప్పదు. 1953 మే 24న వచ్చిన చయెఫ్‌స్కీ ‘మార్టీ’ ఈ పరిమితులను ఇంటి పెరడులా వాడుకుంది. బ్రాంక్స్‌లో మాంసం దుకాణంలో పనిచేసే, పెళ్లి కాని, అందగాడు కాని ఒక మనిషి, శనివారం రాత్రి ఏం చేద్దామని స్నేహితుడితో పదే పదే అనుకుంటూ ఉండటం, ఆ తరువాత డాన్సు హాల్లో ఎవరూ పట్టించుకోని ఒక టీచరును కలవడం, అంతే కథ. రాడ్ స్టైగర్, నాన్సీ మార్చండ్ ఆడారు, డెల్బర్ట్ మాన్ దర్శకుడు. మరో నాటకం రిహార్సల్ ఒక హోటల్ డాన్సు హాల్లో జరుగుతుండగా, అడిగిన మగవాడితో నాట్యం చేయండి, మగవాళ్లకూ మనసుంటుంది అన్న అర్థంతో అమ్మాయిల కోసం అక్కడ తగిలించిన బోర్డు చూసి చయెఫ్‌స్కీకి ఈ కథ తట్టింది. రెండేళ్ల తరువాత అదే కథ సినిమాగా వచ్చి ఉత్తమ చిత్రం ఆస్కార్ తెచ్చుకుంది. దర్శకుడు డెల్బర్ట్ మాన్‌కూ, రచయితకూ, హీరోగా వేసిన ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్‌కూ ఆస్కార్‌లు దక్కాయి.

అయితే ఇరుకును లెక్కచేయని మొండివాళ్లు కూడా ఉన్నారు. 1956 మార్చి 28న ఇదే క్రాఫ్ట్ వేదిక మీద దర్శకుడు జార్జ్ రాయ్ హిల్ టైటానిక్ ఓడ మునకను ప్రత్యక్షంగా చూపించాడు: 107 మంది నటులు, 31 సెట్టులు, 7 కెమెరాలు, నిజమైన నీళ్లు. తెరవెనుక పనిచేసినవాడిగా ఆ 107 మందిలో ఎవరు ఎప్పుడు ఎటు పరుగెత్తారో రాసిన కాగితం ఒక్కసారి చూడాలని నాకు కోరిక.

రికార్డింగు మీరు ఎలా చూడగలిగారంటే, ప్రసారం జరుగుతుండగా ఒక టీవీ తెర ముందు సినిమా కెమెరా పెట్టి ఫిల్ము మీదికి తీసేవారు. దానినే కైనెస్కోప్ అంటారు. బొమ్మ మసగ్గా, బూడిద రంగులో ఉండటానికి కారణం అదే. తూర్పు, పడమర తీరాలను కలిపే ప్రసార మార్గం 1951 సెప్టెంబర్ దాకా లేదు కనుక, కాలిఫోర్నియా ప్రేక్షకులు ఆ ఫిల్మునే ఆలస్యంగా చూశారు. దాన్ని మళ్లీ వేయడం మర్యాద కాదనుకున్నారో ఏమో, ‘ప్యాటర్న్స్’కు విపరీతమైన ఆదరణ వచ్చినప్పుడు అదే నటవర్గాన్ని మళ్లీ పిలిచి, 1955 ఫిబ్రవరి 9న నాటకాన్ని రెండోసారి ప్రత్యక్షంగా ఆడించారు. పరిషత్తులో బాగా పేలిన నాటికను పక్క ఊరివాళ్లు మళ్లీ ఆడించుకోవడం మనకు కొత్త కాదు కానీ, టీవీలో అది అపురూపం. ఫిల్ములను భద్రంగా దాచుకోవాలన్న ఆలోచన మాత్రం అప్పట్లో తక్కువ. 1954 సెప్టెంబర్ 20న ‘స్టూడియో వన్’లో వచ్చిన రెజినాల్డ్ రోజ్ ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ పూర్తి రికార్డింగు 2003 దాకా దొరకలేదు.

అన్నిటికన్నా భయంకరమైన సంఘటన అమెరికాలో కాదు, ఇంగ్లండ్‌లో జరిగింది. 1958 నవంబర్ 30న ‘ఆర్మ్‌చైర్ థియేటర్’లో ‘అండర్‌గ్రౌండ్’ అనే నాటకం ప్రత్యక్షంగా సాగుతుండగా, గారెత్ జోన్స్ అనే యువ నటుడు తన రెండు దృశ్యాల మధ్య కుప్పకూలి చనిపోయాడు. దర్శకుడు టెడ్ కోచెఫ్ అప్పటికప్పుడు ఆ పాత్ర మాటలను ఇతరులకు పంచి నాటకాన్ని చివరిదాకా నడిపించాడు. అయితే ఆ నాటకానికి ఏ కంపెనీ పేరూ లేదు. అక్కడి 1954 చట్టం ప్రకటనలను అనుమతించింది కానీ కార్యక్రమాన్ని కంపెనీ చేతిలో పెట్టడాన్ని ఒప్పుకోలేదు.

అచ్చుతప్పు:

మూడోగంట గారి చివరి ప్రశ్నే ఈ విషయమంతటికీ కీలకం కనుక దాని గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను. స్పాన్సర్ కత్తెరకు ఒక సిద్ధాంతం ఉందనుకుంటే ‘ప్యాటర్న్స్’ అర్థం కాదు. అది అంగడి మనిషి కత్తెర. పెట్టుబడిదారులను తిట్టినా, తండ్రీకొడుకులు కొట్లాడుకున్నా, మనిషి ఒంటరితనంతో ఏడ్చినా చీజ్ కొనేవాళ్లు ఎవరూ తగ్గరు. ఒక ప్రాంతంవాళ్లకో, ఒక వర్గానికో కోపం వచ్చి కొనడం మానేస్తారన్న అనుమానం వచ్చిన క్షణాన కత్తెర బయటికి వస్తుంది.

చిన్న విషయాల నుంచి మొదలుపెడతాను. క్యామెల్ సిగరెట్లు సమర్పించిన ‘మ్యాన్ అగైనెస్ట్ క్రైమ్’ అనే ప్రత్యక్ష ధారావాహిక రచయితలకు ఇచ్చిన ఆదేశాల్లో, దుర్మార్గుడి పాత్ర సిగరెట్ కాల్చరాదు, ఎవరూ దగ్గకూడదు, ఇళ్లు తగలబడే కథలు రాయరాదు అని ఉండేది. ఫోర్డ్ కార్ల కంపెనీ సమర్పించిన నాటకంలో న్యూయార్క్ నగర దృశ్యంలోంచి క్రైస్లర్ భవనాన్ని చెరిపివేశారని సెర్లింగే తరచు చెప్పుకొచ్చాడు. ఇవి నవ్వుకోదగినవి.

1959 ఏప్రిల్ 16న ‘ప్లేహౌస్ 90’ అనే సీబీఎస్ నాటకాల ధారావాహికలో ‘జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్’ వచ్చింది. నాజీ న్యాయమూర్తుల మీద విచారణ దాని కథ. స్పాన్సర్లలో వంటగ్యాసు సంస్థల సంఘం ఒకటి. యూదులను చంపిన గ్యాసు గదుల ప్రస్తావన వచ్చిన చోట ‘గ్యాసు’ అన్న మాట వినపడకుండా శబ్దాన్ని ఆపేశారు. క్లాడ్ రైన్స్ పెదవులు కదులుతాయి, మాట వినిపించదు. లక్షల మంది చావు కన్నా పొయ్యి మీద నీలిమంట పరువు ముఖ్యమైన చోటు అది.

నల్లజాతి వారి విషయంలో ఈ భయం మొదటి నుంచీ ఉంది. రెజినాల్డ్ రోజ్ ‘థండర్ ఆన్ సికమోర్ స్ట్రీట్’లో ఒక తెల్లవాళ్ల వీధిలోకి నల్లజాతి కుటుంబం వస్తే ఇరుగుపొరుగువారు ఆ కుటుంబాన్ని వెళ్లగొట్టబోయే కథ రాయాలనుకున్నాడు. అది కుదరదన్నారు. అప్పుడు ఆయన ఆ కుటుంబ పెద్దను జైలు నుంచి విడుదలైన ఖైదీగా మార్చి, కానీ ఆ సంగతిని నాటకం చివరిదాకా బయటపెట్టకుండా దాచిపెట్టాడు. 1954 మార్చిలో అది ‘స్టూడియో వన్’లో వచ్చినప్పుడు, ఆ కుటుంబాన్ని ఎందుకు ద్వేషిస్తున్నారో తెలియక ప్రేక్షకులు తమకు తెలిసిన ద్వేషాన్ని అందులో నింపుకున్నారు. కత్తెర పెట్టిన చోటే నాటకానికి పదును వచ్చిన అరుదైన ఉదాహరణ ఇది. దీన్ని చూపించి కత్తెరను మెచ్చుకోవడం మాత్రం తప్పు.

ఎందుకంటే సెర్లింగ్‌కు ఆ అదృష్టం పట్టలేదు. 1955 ఆగస్టులో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుణ్ణి చంపినవారిని అక్కడి జూరీ నిర్దోషులుగా వదిలేసింది. సెర్లింగ్ ఆ ఘటన ఆధారంగా ‘నూన్ ఆన్ డూమ్స్‌డే’ రాశాడు. ఉక్కు కంపెనీ సమర్పించే ‘యునైటెడ్ స్టేట్స్ స్టీల్ అవర్’లో అది రాబోతోందని పత్రికల్లో రాగానే, దక్షిణాది శ్వేతజాతి సంఘాల నుంచి నిరసన లేఖలు వెల్లువెత్తాయి. 1956 ఏప్రిల్ 25న ప్రసారమైన నాటకంలో కథ న్యూ ఇంగ్లండ్‌కు మారిపోయింది, హతుడు ఎక్కడివాడో తెలియని పరదేశి అయ్యాడు, చివరికి బల్ల మీద కోకాకోలా సీసా కూడా ఉండకూడదన్నారు, అది దక్షిణాదిని గుర్తు చేస్తుందట. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి: సామాన్య జనం దుకాణానికి వెళ్లి కొనేది ఉక్కు కాదు. అయినా భయం అదే. రెండేళ్ల తరువాత ‘ప్లేహౌస్ 90’ కోసం అదే కథను ‘ఏ టౌన్ హ్యాజ్ టర్న్‌డ్ టు డస్ట్’ పేరుతో మళ్లీ ప్రయత్నిస్తే, అది 1870ల నాటి నైరుతి ప్రాంతానికీ, మెక్సికన్ యువకుడికీ మారిపోయింది.

మొదట్లో ఉన్న స్వేచ్ఛకు కారణం స్పాన్సర్ల ఔదార్యం కాదని నా నమ్మకం. 1950లో అమెరికాలో వంద ఇళ్లలో తొమ్మిదింట్లోనే టీవీ ఉంది, ఆ ఇళ్లు ఎక్కువగా ఈశాన్యంలోని పెద్ద నగరాల్లో ఉన్నాయి. పైగా 1948 నుంచి 1952 దాకా కొత్త స్టేషన్లకు అనుమతులు నిలిపివేయడంతో దేశంలో చాలా పట్టణాలకు టీవీ అందనేలేదు. న్యూయార్క్ ప్రేక్షకుడికి న్యూయార్క్ రచయిత రాసిన నాటకాన్ని న్యూయార్క్ స్టూడియోలో ఆడుతుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. 1955 నాటికి వందలో దాదాపు 65 ఇళ్లకు టీవీ చేరింది. చూసేవాళ్లు పెరిగేకొద్దీ నొచ్చుకునేవాళ్లు పెరిగారు, కత్తెర చురుకైంది.

చిత్తుప్రతి:

అచ్చుతప్పు గారి వాదన చదవడానికి బాగుంది కానీ, మొదట స్వేచ్ఛ ఉండి తరువాత పోయిందన్న భాగంతో నేను ఏకీభవించలేను. 1950 జూన్‌లోనే ‘రెడ్ ఛానెల్స్’ అనే చిన్న పుస్తకం 151 మంది కళాకారులను కమ్యూనిస్టు సానుభూతిపరులుగా పేర్కొంటూ బయటికి వచ్చింది. ఆ తరువాత ఏ నటుణ్ణి తీసుకోవాలన్నా ప్రసార సంస్థలోనూ, ఏజెన్సీలోనూ పేరు పరిశీలనకు పంపడం పరిపాటి అయింది. సిరక్యూస్ పట్టణంలో కిరాణా దుకాణాలు నడిపే ఒక వ్యాపారి, ఫలానా నటుణ్ణి పెట్టుకున్న కంపెనీ సరుకు పక్కన ఆ సంగతి రాసిన బోర్డు పెడతానని బెదిరిస్తే, పెద్ద పెద్ద కంపెనీలు వణికిపోయాయి. అంటే మీరు చెప్పిన అంగడి కత్తెర నిజమే, కానీ అది టీవీలు తక్కువగా ఉన్న 1950లోనే పనిచేసింది. నాటకంలో మాటలను కోయడం మీ కంటికి కనబడింది. నటుణ్ణి మొత్తంగా కోసేస్తే కనబడదు.

ఈ కాలాన్ని చాలామంది టీవీ ‘స్వర్ణయుగం’ అంటారు; ఆ మాటను కూడా కొంచెం ఆచితూచి వాడాలి. క్రాఫ్ట్ ఒక్కటే 650 నాటకాలు ఇస్తే మనం ఇక్కడ తలచుకున్నవి మూడు. మిగిలినవి వారం గడవడానికి అల్లిన మామూలు సంసార కథలు, హత్య కథలు అయి ఉంటాయని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

అయితే ఒక మినహాయింపును ఒప్పుకుంటాను. 1955 అక్టోబర్ 2న ఫిల్కో వేదిక మీద రాబర్ట్ ఆలన్ ఆర్థర్ రాసిన ‘ఏ మ్యాన్ ఈజ్ టెన్ ఫీట్ టాల్’లో సిడ్నీ పోయ్‌టియర్ రేవు కార్మికుడిగా ప్రధాన పాత్ర వేశాడు. భార్య పాత్ర వేసిన హిల్డా సిమ్స్ నల్లజాతి నటే అయినా, ఆమె మేనిఛాయ చూసి తెల్ల అమ్మాయి అనుకున్న ప్రేక్షకుల నుంచి నిరసనలు వచ్చాయి. అప్పటికి ఫిల్కో ఈ ధారావాహిక నుంచి తప్పుకోవడం ఖాయమైంది. పోయేముందు కాబట్టే ధైర్యం చేశారని నాకు అనిపిస్తుంది.

ముగింపుకు కారణం కత్తెర ఒక్కటే కాదు, లెక్కలు కూడా. 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ఫిల్ము మీద తీశారు, దాన్ని ఎన్నిసార్లయినా అమ్ముకోవచ్చు. ప్రత్యక్ష నాటకం ఆ రాత్రితో సరి. 1955 జూన్‌లో ‘64,000 డాలర్ల ప్రశ్న’ అనే క్విజ్ వచ్చి, సెట్టులూ రచయితలూ లేకుండానే జనాన్ని కట్టిపడేయవచ్చని చూపించింది. 1956లో యాంపెక్స్ కంపెనీ వీడియో టేపు వచ్చింది. ‘స్టూడియో వన్’ 1958 జనవరిలో హాలీవుడ్‌కు తరలివెళ్లి ఆ ఏడాదే ఆగిపోయింది. ఉక్కు కంపెనీ మాత్రం 1963 దాకా పట్టుబట్టి నడిపింది. క్విజ్‌లలో జవాబులు ముందే చెప్పారన్న కుంభకోణం 1958–59లో బయటపడ్డాక, కార్యక్రమాల పెత్తనాన్ని ప్రసార సంస్థలే తీసుకున్నాయి. కంపెనీలు నిమిషాల లెక్కన ప్రకటనలు కొనుక్కోవడంతో సరిపెట్టుకున్నాయి.

అచ్చుతప్పు:

‘రెడ్ ఛానెల్స్’ విషయం నేను మరిచిపోకూడదు. దిద్దినందుకు చిత్తుప్రతి గారికి కృతజ్ఞతలు. కథకు స్వేచ్ఛ ఉన్నప్పుడు కూడా నటుడికి లేదని సవరించుకుంటాను. సెర్లింగ్ విషయంలో మరొక్క మాట: 1959 అక్టోబర్ 2న ఆయన ‘ది ట్విలైట్ జోన్’ అనే వింత కథల ధారావాహిక మొదలుపెట్టింది ఈ విసుగుతోనే. మిసిసిపీ మనిషి చెప్పకూడని మాటను మరో గ్రహం మనిషి చెబితే ఏ దుకాణదారూ లేఖ రాయలేదు.

మూడోగంట:

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. దుస్తుల మీద దుస్తులు వేసుకునే ఉపాయాన్ని వచ్చే నాటికలో తప్పక వాడతాను. ఒక చిన్న సందేహం మిగిలింది: మన దేశంలో టీవీ నాటకానికి ఇలా ఒకే కంపెనీ అండగా నిలిచిన సందర్భం ఏదైనా ఉందా?

పాతరేడియో:

దగ్గరగా వచ్చేది 1984 జులై 7న దూరదర్శన్‌లో మొదలైన ‘హమ్ లోగ్’. అప్పుడే మన మార్కెట్లోకి వచ్చిన మ్యాగీ నూడుల్స్ దానికి స్పాన్సర్. నిర్మాణ ఖర్చు కంపెనీ పెట్టుకుంటే, బదులుగా దూరదర్శన్ ప్రకటన సమయం ఇచ్చింది. కానీ అది వారం వారం కొత్త కథ కాదు, ఒకే కుటుంబం కథ, ప్రత్యక్షమూ కాదు, కథ మీద పెత్తనం ప్రభుత్వ సంస్థదే. నూడుల్స్ పేరు ధారావాహిక పేరులోకి ఎక్కలేదు.

ఇంకొక సూచన. ‘ప్యాటర్న్స్’ను మళ్లీ చూసే ఉద్దేశం ఉంటే, ప్రకటనలు తీసేయని ప్రతిని వెతికి పట్టుకోండి. వృద్ధ అధికారికి గుండె నొప్పి రాబోతోందని మనకు తెలిసిపోయాక అంకం ఎక్కడ తెగుతుందో, అక్కడికి వంటకం చేసే ఆ రెండు చేతులు ఎలా వస్తాయో గమనించండి. అవతల సెట్టులో ఎవరు ఎటు పరుగెత్తి ఉంటారో వింగుపక్కన గారు మీకు చెప్పగలరు.